ఫ్యామిలీ మెడిసిన్ పీజీ తరువాత: నెల్లూరు తీరంలో డాక్టరు ముందున్న దారులు

6.1 పరిచయం

నెల్లూరు నుంచి మైపాడు దారిలో ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతుంటే వరి కయ్యలు పలచబడి రొయ్యల గుంటలు మొదలవుతాయి. ఆ గుంటల మధ్య ఉన్న ఒక ఊరినీ, ఆ ఊరికి 104 వాహనం వచ్చే ఒక ఉదయాన్నీ ఊహించుకోండి. వాహనంలో ఒక డాక్టరమ్మ వచ్చింది. గ్రామ క్లినిక్ వరండాలో అప్పటికే పదిహేను మంది కూర్చుని ఉన్నారు.

మొదట చేపలమ్మే ముసలామె వచ్చింది. బీపీ బిళ్ళలు అయిపోయి పది రోజులైంది, తల తిరుగుతోందంటుంది. తరువాత విరేచనాలతో నీరసించిన ఏడాది పాప. ఆ వెనుక ఏడో నెల గర్భిణి, కళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తరువాత మూడు వారాలుగా దగ్గుతున్న మనిషి. అతని భార్య డాక్టరమ్మ చెవి దగ్గర వంగి, అతని తాగుడు సంగతి కూడా చూడమంటోంది. చివరగా గుంటల దగ్గర కాపలా పడుకునే కుర్రవాడు వచ్చాడు. తెల్లవారుజాము నుంచి కడుపునొప్పి, ఒక గ్యాస్ బిళ్ళ ఇస్తే పోతానంటాడు. మాట్లాడుతుంటే అతని కనురెప్పలు కిందికి వాలుతున్నాయి.

వీళ్ళను చూడడానికి ఎవరు కావాలి? నగరంలోని పెద్దాసుపత్రిలో అయితే ఐదుగురూ ఐదు గదులకు పోతారు. ఈ వరండాలో ఉన్నది ఒక్క కుర్చీ, ఒక్క డాక్టరు. ఆ కుర్చీలో కూర్చోవడానికే ప్రత్యేకంగా తయారుచేసే చదువు ఒకటుంది. దాని పేరు ఫ్యామిలీ మెడిసిన్. ఆ చదువు పూర్తిచేసిన డాక్టరు నిజంగా ఆ కుర్చీలోనే కూర్చుంటాడా, లేక మరెక్కడికైనా పోతాడా, పోతే ఎందుకు పోతాడు అన్నది ఈ పాఠంలో పరిశీలిద్దాం.

మీలో చాలామంది వైద్య విద్యార్థులు కారు. అయినా ఈ విషయం మీకు సంబంధించినదే. డాక్టరు తన వృత్తిలో ఏ మలుపు తిరుగుతాడన్నదాన్ని బట్టే మీ ఊరి క్లినిక్‌లో ఎవరు ఉంటారన్నది తేలుతుంది. సచివాలయంలోనో, బడిలోనో, స్వచ్ఛంద సంస్థలోనో మీరు చేయబోయే పని కూడా ఆ డాక్టరుతో ముడిపడే ఉంటుంది.

6.2 ఫ్యామిలీ మెడిసిన్ అంటే ఏమిటి, ఏది కాదు

ఇక్కడ మూడు పేర్లు కలగాపులగం అవుతుంటాయి. జనరల్ మెడిసిన్ పెద్దవాళ్ళ జబ్బులకు మందులతో చేసే వైద్యం. అందులో ఎం.డి. చేసిన డాక్టరు పిల్లలను చూడడు, కాన్పులు చేయడు. కమ్యూనిటీ మెడిసిన్ ఊరు మొత్తాన్ని ఒక రోగిలా చూస్తుంది. ఎందరికి టీకాలు పడ్డాయి, నీళ్ళు ఎక్కడ చెడ్డాయి, డెంగీ ఏ వీధిలో పుట్టింది అనేవి దాని ప్రశ్నలు. ఫ్యామిలీ మెడిసిన్ ఈ రెండింటికీ భిన్నం. పసిబిడ్డ నుంచి పండుముసలి వరకు, ఆడా మగా తేడా లేకుండా, ఏ బాధతో వచ్చినా మొదట చూసి, తనవల్ల అయ్యేది తానే నయంచేసి, కానిదాన్ని తగినచోటికి పంపి, తిరిగి వచ్చాక మళ్ళీ తానే చూసుకోవడం దాని పని. దేశంలోని కొత్త ఎయిమ్స్ సంస్థల్లో, మంగళగిరిలో సహా, కమ్యూనిటీ, ఫ్యామిలీ మెడిసిన్‌లు రెండూ ఒకే విభాగం పేరులో ఉండడం వల్ల విద్యార్థులకు ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది.

అమెరికా వైద్య పరిశోధకురాలు బార్బరా స్టార్‌ఫీల్డ్ ప్రాథమిక వైద్యానికి నాలుగు లక్షణాలు చెప్పింది: జబ్బు వస్తే మొదట వెళ్ళే చోటు కావడం, ఏళ్ళ తరబడి అదే మనిషి చూడడం, అన్ని రకాల అవసరాలకూ పనికిరావడం, మిగతా డాక్టర్లు చేసే వైద్యాన్ని ఒక దారానికి గుచ్చడం. వీటిలో రెండోది గుర్తుపెట్టుకోండి. ఉద్యోగాల సంగతికి వచ్చినప్పుడు తరచుగా తెగిపోయేది ఆ దారమే.

నిజానికి ఇది మనకు కొత్త కాదు. మద్రాసు రాజధాని కాలంలో ఎల్.ఎం.పి. చదివిన డాక్టర్లు చిన్న పట్టణాల్లో చేసింది ఇదే. 1946లో భోర్ కమిటీ ఆ చిన్న కోర్సు వద్దని, దేశమంతటికీ ఒకే స్థాయి ప్రాథమిక డాక్టరు ఉండాలని సిఫారసు చేసింది. ఆ లెక్కన ఎం.బి.బి.ఎస్. డాక్టరే అందరి డాక్టరు కావాలి. కానీ క్రమంగా ఎం.బి.బి.ఎస్. అంటే పీజీకి మెట్టు అనే భావం స్థిరపడింది. "ఉత్త ఎం.బి.బి.ఎస్.యేనా?" అనే మాట మీరూ వినే ఉంటారు. 2002, 2017 జాతీయ ఆరోగ్య విధానాలు రెండూ ఫ్యామిలీ మెడిసిన్ నిపుణుల అవసరాన్ని ప్రస్తావించాయి.

6.3 శిక్షణ ఎలా సాగుతుంది

ఎం.బి.బి.ఎస్. తరువాత నీట్ పీజీ రాసి చేరే మూడేళ్ళ డి.ఎన్.బి. ఫ్యామిలీ మెడిసిన్ ఇందులో ప్రధానమైన దారి. పరీక్ష నిర్వహించి డిగ్రీ ఇచ్చేది నేషనల్ బోర్డు. ఈ మూడేళ్ళలో రెసిడెంటు ఒకే విభాగంలో ఉండిపోడు. మెడిసిన్, పిల్లల విభాగం, కాన్పుల విభాగం, సర్జరీ, ఎమర్జెన్సీ, చర్మం, మానసిక వైద్యం, కళ్ళు, ఎముకలు ఇలా వంతులవారీగా తిరుగుతాడు. 2020లో నేషనల్ బోర్డు రెండేళ్ళ డిప్లొమాలు ప్రవేశపెట్టినప్పుడు వాటిలో ఫ్యామిలీ మెడిసిన్ కూడా ఉంది. ఎం.డి. ఫ్యామిలీ మెడిసిన్ సీట్లు మాత్రం దేశంలో చాలా తక్కువ. ముందుగా మొదలుపెట్టిన వాటిలో కేరళలోని కోళిక్కోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఒకటి.

మీరు దూరవిద్యలో చదువుతున్నారు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. పెద్ద జబ్బు చేస్తే నెల్లూరు జిల్లా వాళ్ళు చెన్నైకో, వేలూరుకో పోవడం అలవాటు. ఆ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ 2006లో, ఊళ్ళలో ఇప్పటికే ప్రాక్టీసు చేస్తున్న ఎం.బి.బి.ఎస్. డాక్టర్ల కోసం దూరవిద్యలో ఫ్యామిలీ మెడిసిన్ డిప్లొమా మొదలుపెట్టింది. డాక్టరు ఊరు వదలక్కరలేదు. ఇంటికి వచ్చిన పాఠాలు చదువుకుంటూ, మధ్యమధ్య సంపర్క తరగతులకు వెళ్తే చాలు. దాని సూత్రం రెండు ముక్కల్లో చెప్పవచ్చు: వేరేచోటికి పంపడం తగ్గించు, ఉన్నచోటే నయంచేయడం పెంచు. ఈ డిప్లొమా చేతిలో నేర్పు పెంచుతుందే గాని స్పెషలిస్టు పోస్టులకు ఎం.డి., డి.ఎన్.బి.లతో సమానంగా లెక్కకు రాదు. నేర్పు ఒకటి, దాని గుర్తింపు మరొకటి అన్న ఈ తేడా పాఠమంతా మనల్ని వెంటాడుతుంది.

6.4 ప్రభుత్వ కొలువు

ఫ్యామిలీ మెడిసిన్ చదివిన డాక్టరుకు సహజమైన చోటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే అనిపిస్తుంది. అక్కడ ఉండే పోస్టు పేరు సివిల్ అసిస్టెంట్ సర్జన్. దానికి కావలసిన అర్హత ఎం.బి.బి.ఎస్. మూడేళ్ళు అదనంగా చదివిన డాక్టరు కూడా అదే పోస్టులో, అదే కుర్చీలో చేరాలి. పైమెట్టున ఉన్న సామాజిక ఆరోగ్య కేంద్రాలు, కావలి వంటి ఏరియా ఆసుపత్రుల్లో స్పెషలిస్టు పోస్టులు ఉంటాయి. కానీ నియామక ప్రకటనలు తిరగేస్తే గైనకాలజీ, పీడియాట్రిక్స్, జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ, మత్తు వైద్యం వంటి పేర్లే పదేపదే కనిపిస్తాయి. ఫ్యామిలీ మెడిసిన్ అనే పేరు కనిపించడం అరుదు. కింద అతని చదువు అక్కరలేదు, పైన అతని చదువుకు పేరు లేదు. మధ్యలో నిలబడిపోతాడు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఈ చిక్కును బాగా చూపిస్తుంది. 2022 అక్టోబరు 21న రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రయోగాత్మకంగా మొదలైంది. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా చిలకలూరిపేట దగ్గరి లింగంగుంట్లలో దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇద్దరు డాక్టర్లు ఉండాలి. ఒకరు కేంద్రంలో ఓ.పి. చూస్తుంటే, రెండోవారు 104 వాహనంలో తమకు కేటాయించిన ఊళ్ళకే మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. పొద్దున గ్రామ క్లినిక్‌లో ఓ.పి., మధ్యాహ్నం మంచానపడ్డవాళ్ళ ఇళ్ళకు, అంగన్‌వాడీకి, బడికి పోవాలి. గ్రామ క్లినిక్‌లో రోజూ ఉండేది నర్సింగ్ చదివిన ఎం.ఎల్.హెచ్.పి., ఆమెతో ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తలు. ఆ తరువాత ప్రభుత్వం మారింది, క్లినిక్‌ల పేర్లూ మారాయి. మన చర్చకు పేర్లు ముఖ్యం కావు.

ఆలోచన మంచిదే. అదే డాక్టరు అదే ఊరికి మళ్ళీ రావడమంటే స్టార్‌ఫీల్డ్ చెప్పిన రెండో లక్షణాన్ని ప్రభుత్వ పథకంలో పెట్టడమే. అయితే ఒకటి గమనించండి. ఆ డాక్టరు పేరు ఫ్యామిలీ డాక్టరు, కానీ ఆ పనికి ఫ్యామిలీ మెడిసిన్ శిక్షణ తప్పనిసరి కాదు. పేరు పోస్టుకు వచ్చింది, చదువుకు విలువ రాలేదు. ఇది ఆ డాక్టర్లను తక్కువ చేయడం కాదు. ఎం.బి.బి.ఎస్.తోనే అద్భుతంగా పనిచేసే వాళ్ళున్నారు. కానీ ఆ చదువుకు విలువ లేకపోతే రేపటి విద్యార్థి ఆ సీటు ఎందుకు ఎంచుకుంటాడు?

ఈ ప్రశ్న సర్వీసు కోటా దగ్గర ఇంకా సూటిగా తగులుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కొన్నేళ్ళు పనిచేసిన డాక్టర్లకు పీజీ సీట్లలో కొంత వాటా ఉంటుంది. 2024లో ఆ వాటాను తగ్గించినప్పుడు రాష్ట్రమంతటా ఆ డాక్టర్లు ఆందోళనకు దిగారు. వాళ్ళ దృష్టిలో పల్లెలో ఉద్యోగానికి ప్రతిఫలం ఆ సీటే. సీటు వచ్చాక రేడియాలజీ, చర్మవ్యాధులు, జనరల్ మెడిసిన్ వంటివి కోరుకుంటారు. ఫ్యామిలీ మెడిసిన్ తీసుకుంటే మూడేళ్ళ తరువాత మళ్ళీ అదే కుర్చీకి రావాలి కదా అన్నది లెక్క. పల్లెలో పనిచేసినందుకు మనం ఇచ్చే బహుమతి పల్లె నుంచి బయటపడే టికెట్టు. ఇందులో డాక్టరును తప్పుపట్టడం తేలిక. తప్పు ఆ నిచ్చెన కట్టిన తీరులోనే ఉందని నా అభిప్రాయం.

ఇప్పుడు వరండాలో వదిలేసిన కుర్రవాడి దగ్గరికి వద్దాం. గుంట గట్టున నేలమీద పడుకున్నాడు. పాము కరిచినట్టు తెలియదు. గాటు కనిపించడం లేదు, వాపు లేదు. తెల్లవారుజామున కడుపునొప్పి, ఆపై వాలిన రెప్పలు. ఇవి కట్లపాము కాటుకు గుర్తులు. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి, రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచితే బయటపడుతుంది. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. అందుకే ఆ పరీక్ష మామూలుగానే వచ్చి మోసం చేస్తుంది. గ్యాస్ బిళ్ళ ఇచ్చి పంపితే కాసేపటికి ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. రెప్పలు చూసి అనుమానించిన డాక్టరు వెంటనే విషానికి విరుగుడు సూది మొదలుపెట్టి, దారిలో ఊపిరి ఆగితే అందించడానికి సంచి చేతిలో పట్టుకుని, వెంటిలేటరు ఉన్న నెల్లూరు ఆసుపత్రికి తరలిస్తుంది. ఎమర్జెన్సీ విభాగంలో, పిల్లల విభాగంలో, పల్లె క్లినిక్‌లో వంతులవారీగా తిరిగిన మూడేళ్ళ చదువు విలువ ఆ అరనిమిషంలో తెలుస్తుంది. ఉద్యోగ ప్రకటనలో దానికి గడి లేదు.

మీరే చేసి చూడండి: మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి గోడ మీద డాక్టర్ల పేర్ల బోర్డు చూడండి. గత ఐదేళ్ళలో అక్కడ ఎంతమంది డాక్టర్లు మారారో సిబ్బందిని అడిగి రాసుకోండి. వాళ్ళలో ఎవరు పీజీకి వెళ్ళారు, ఎవరు బదిలీ అయ్యారు, ఎవరు రాజీనామా చేశారు? ఈ వివరాలు తరువాతి భాగాలు చదివేటప్పుడు పక్కన పెట్టుకోండి.

6.5 సొంత క్లినిక్

రెండో దారి మనందరికీ తెలిసినదే: బజారులో ఒక గది, బయట బోర్డు. కావలి, అల్లూరు, కోవూరు, ముత్తుకూరు వంటి చోట్ల ఫ్యామిలీ మెడిసిన్ చదివిన డాక్టరు క్లినిక్ పెడితే ఏం జరుగుతుంది?

ముందు కాగితాల సంగతి. అదనపు అర్హతను రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదు చేయించుకోవాలి. 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద క్లినిక్‌ను రిజిస్టరు చేయించుకోవాలి. సూదులు, దూది, కట్ల వంటి వ్యర్థాలను 2016 నిబంధనల ప్రకారం వేరుచేసి అధీకృత సంస్థకు అప్పగించాలి. 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుంది. అందువల్ల ప్రతి రోగి వివరాలూ రాసి ఉంచుకోవడం డాక్టరుకు రక్షణ. ఫ్యామిలీ ఫిజీషియన్‌కు అది రక్షణ మాత్రమే కాదు, పనిముట్టు కూడా. పదేళ్ళ క్రితం తల్లికి ఎందుకు అలర్జీ వచ్చిందో చూసి కూతురికి మందు రాయగల డాక్టరు అతనే.

కష్టం కాగితాల్లో లేదు, డబ్బు లెక్కలో ఉంది. మన ఊళ్ళలో జనం సలహాకు డబ్బివ్వరు, సూదికి ఇస్తారు. ఊరి ఆర్.ఎం.పి. జ్వరానికి సూది వేసి, రెండు రంగుల బిళ్ళలు కాగితంలో చుట్టిస్తాడు. పక్కనే కొత్తగా వచ్చిన డాక్టరు "ఇది వైరల్ జ్వరం, సూది అక్కరలేదు, నీళ్ళు బాగా తాగించండి, మూడో రోజుకు తగ్గకపోతే రండి" అంటాడు. వైద్యం ప్రకారం రెండోదే సరైనది. బయట వరుసలో కూర్చున్నవాళ్ళు మాత్రం "ఈయన ఏమీ ఇవ్వడు" అనుకుంటారు. మొదటి ఏడాది చాలా క్లినిక్‌లు ఇక్కడే తడబడతాయి.

ఆ ఏడాది గడిపించే ప్రలోభాలూ దగ్గరలోనే ఉంటాయి. రోగిని పంపినందుకు పట్టణంలోని ఆసుపత్రి ఇచ్చే కమిషన్, పరీక్ష రాసినందుకు ల్యాబు ఇచ్చే వాటా అలాంటివి. వైద్య వృత్తి ప్రవర్తనపై 2002 నిబంధనలు వీటిని నిషేధించాయి. నిషేధం ఉన్నంత మాత్రాన ఆచారం పోలేదు. ఫ్యామిలీ ఫిజీషియన్ విషయంలో ఇది మామూలు అవినీతి కంటే లోతుగా కోస్తుంది. ఎవరిని పంపాలి, ఎవరిని పంపకూడదు అన్న తీర్పే అతని నేర్పు. ఆ తీర్పుకు ధర కడితే అతని చదువులో మిగిలేదేమీ ఉండదు.

నిలదొక్కుకున్న క్లినిక్‌లు దేనిమీద నిలబడతాయి? దీర్ఘకాలిక జబ్బుల మీద. షుగరు, బీపీ, ఉబ్బసం, థైరాయిడ్ ఉన్నవాళ్ళు నెలనెలా వస్తారు. వాళ్ళతోపాటు ఇంటివాళ్ళు వస్తారు. మూడో ఏడాదికి డాక్టరు జబ్బులను కాక ఇళ్ళను గుర్తుపెట్టుకోవడం మొదలవుతుంది. ఆర్.ఎం.పి.లతో తగవు పెట్టుకోకుండా, ఏ లక్షణం కనిపిస్తే గంట కూడా ఆగకుండా పంపాలో వాళ్ళకు నేర్పిన డాక్టరుకు దారి ఇంకా సుగమం అవుతుంది. ఇది సర్వసమ్మతమైన అభిప్రాయం కాదు. అర్హత లేని వైద్యానికి ఆమోదం ఇచ్చినట్టవుతుందని వాదించే డాక్టర్లున్నారు. రెండు వాదనలూ మీరు తూచి చూడండి.

నమ్మకం ఎంత బలమైనదో 2021 మే నెలలో మనం చూశాం. కొవిడ్ రెండో విడతలో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే మందు కోసం వేలమంది కిలోమీటర్ల పొడవున నిలబడ్డారు. ప్రభుత్వం పంపిణీ ఆపి, నెలాఖరులో వాటిలో కొన్నిటికి అనుమతి ఇచ్చింది, కంటి చుక్కలకు ఇవ్వలేదు. ఆ మందు గుణదోషాలు ఈ పాఠం పరిధిలోనివి కావు. ఆసుపత్రుల్లో మంచాలు దొరకని రోజుల్లో జనం వెతికింది తమకు అందుబాటులో ఉండే, తమ భాషలో మాట్లాడే ఒక మనిషిని అన్నది మాత్రం గుర్తించాలి. శిక్షణ పొందిన డాక్టరు ఆ చోటులో లేకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు.

నెల్లూరుకే చెందిన మరొక ఉదాహరణ ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పుట్టింది విడవలూరు మండలం అలగానిపాడులో, 1913లో. ఆయన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి పేరుతో నెల్లూరులో ప్రజా వైద్యశాల ఉంది. కొత్తగా ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసిన యువ డాక్టర్లు అక్కడ పెద్దల పక్కన పనిచేస్తూ, తక్కువ ఖర్చుతో అన్ని రకాల వైద్యమూ నేర్చుకుని, తరువాత చిన్న ఊళ్ళలో స్థిరపడ్డారు. దానికి రెసిడెన్సీ అనే పేరు లేదు, బోర్డు పరీక్ష లేదు. పల్లెకు పనికివచ్చే డాక్టరును తయారుచేయడమన్న పని మాత్రం అదే. ఇప్పటి డి.ఎన్.బి.లో పరీక్ష ఉంది, ధ్రువపత్రం ఉంది. ఆ తరువాత ఊరికి పంపే ఒక ఆశయమో, ఒక ఏర్పాటో ఉందా అన్నది ఆలోచించవలసిన విషయం.

6.6 పెద్ద ఆసుపత్రులు, పరిశ్రమలు

చాలామంది కొత్త డి.ఎన్.బి.లు మొదట చేరేది నగరంలోని ప్రైవేటు ఆసుపత్రిలో. జీతం నెలనెలా వస్తుంది, అప్పు తీరుతుంది. పని ఎక్కువగా ఎమర్జెన్సీ గదిలోనో, హెల్త్ చెకప్ విభాగంలోనో, రాత్రి డ్యూటీలోనో. చేతికి వేగం వస్తుంది. కానీ ఈ రోజు చూసిన రోగి మళ్ళీ కనిపించడు. ముందు చెప్పుకున్న దారం తెగేది ఇక్కడే. రెండు మూడేళ్ళు ఇలా గడిచాక కొందరు తాము ఏ చదువు చదివారో మరిచిపోతారు.

కృష్ణపట్నం రేవు, విద్యుత్ కేంద్రాలు, దక్షిణాన శ్రీసిటీ వంటి చోట్ల కార్మికుల ఆరోగ్యం చూసే డాక్టర్ల అవసరం ఉంది. ప్రమాదకర ప్రక్రియలున్న కర్మాగారాల్లో పనిచేయడానికి పారిశ్రామిక ఆరోగ్యంలో అదనపు శిక్షణ కావాలి. వేళలు స్థిరంగా ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలున్న డాక్టర్లు ఈ దారి ఇష్టపడతారు. రోగులు అవే ముఖాలు కావడం ఇందులో ఒక మేలు.

6.7 ఇంకా చదవడం, చదువు చెప్పడం

ఫ్యామిలీ మెడిసిన్ నుంచి సూపర్ స్పెషాలిటీకి దారి ఇరుకు. అందుకు బదులు చాలామంది చిన్న కోర్సులతో ఒక్కో నేర్పును జోడించుకుంటారు. షుగరు వైద్యంలో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా ధ్రువపత్ర కోర్సు ఉంది. ఉపశమన వైద్యంలో ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ డాక్టర్లకూ నర్సులకూ ప్రాథమిక కోర్సు నడుపుతుంది.

ఈ రెండోది తీర గ్రామాల్లో ఎంత అవసరమో చెప్పడానికి గణాంకాలు అక్కరలేదు. పిల్లలు చెన్నైలోనో, హైదరాబాదులోనో, ఇంకా దూరంలోనో ఉంటారు. పక్షవాతంతో మంచానపడ్డ తండ్రి, అతన్ని ఎత్తలేని తల్లి ఊళ్ళో ఉంటారు. వీపు పుండ్లు పడకుండా ఎలా పక్కకు తిప్పాలో నేర్పడానికి, కాన్సరు నొప్పి తగ్గేలా మందు సరిచేయడానికి, చివరి రోజుల్లో ఏ ఆసుపత్రికీ తీసుకుపోకపోయినా తప్పులేదని ఇంటివాళ్ళకు చెప్పడానికి ఇంటికి వచ్చే ఒక డాక్టరు కావాలి. నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చే వైద్యానికి డబ్బిచ్చే కుటుంబాలు ఇప్పుడు జిల్లాలో ఉన్నాయి. ఇవ్వలేని కుటుంబాలే ఎక్కువ.

బోధన రంగంలోనూ చోటు పెరుగుతోంది. 2021-22 నుంచి ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు ఒక ఊళ్ళో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని కోర్సు పొడుగునా వాళ్ళ ఆరోగ్యం గమనించాలనే నియమం వచ్చింది. కుటుంబాన్ని ఎలా చూడాలో విద్యార్థికి చూపించే గురువు అందుకు కావాలి. నెల్లూరులో ప్రభుత్వ, ప్రైవేటు వైద్య కళాశాలలు రెండూ ఉన్నాయి. ఫ్యామిలీ మెడిసిన్‌కు విడిగా విభాగాలు వచ్చినప్పుడు ఈ దారి వెడల్పవుతుంది.

6.8 సముద్రం అవతల

విదేశాల్లో ఈ చదువుకు ఉన్న గౌరవం చూసి వెళ్ళేవారు తక్కువేమీ కాదు. అమెరికాలో 1969 నుంచి ఫ్యామిలీ మెడిసిన్‌కు సొంత బోర్డు ఉంది. శిక్షణ మూడేళ్ళు. బ్రిటన్‌లో జి.పి. శిక్షణ సాధారణంగా మూడేళ్ళు, కెనడాలో రెండేళ్ళు. ఇక్కడ డి.ఎన్.బి. చేసినా అమెరికాలో మళ్ళీ పరీక్షలు రాసి, రెసిడెన్సీ మొదటినుంచి చేయాలి. జె-1 వీసాపై శిక్షణ పొందినవారు రెండేళ్ళు స్వదేశానికి తిరిగిరావాలి. అలా రాకుండా ఉండాలంటే ఉన్న మార్గాల్లో ఒకటి, డాక్టర్లు చాలని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయడం. ఒక్కో రాష్ట్రానికి ఏటా ముప్పై మందికి ఆ అవకాశం ఉంటుంది.

ఈ నియమాన్ని ఒకసారి మన సర్వీసు కోటాతో పోల్చి చూడండి. మనది "పల్లెలో పనిచేయి, తరువాత బయటికి పంపుతాం" అంటుంది. వాళ్ళది "నీకు కావలసిన నివాసం ఇస్తాం, ముందు పల్లెలో పనిచేయి" అంటుంది. రెండింటిలోనూ పల్లె సేవ ఒక మూల్యమే. అయితే అక్కడ ఆ మూడేళ్ళు చేసే డాక్టరు ఫ్యామిలీ ఫిజీషియన్ అనే పోస్టులోనే, ఆ పేరుతోనే చేరతాడు. అందుకే కొందరు గడువు తీరాక కూడా ఆ చిన్న ఊళ్ళోనే ఉండిపోతారు. నెల్లూరు జిల్లాలో పుట్టి, అక్కడెక్కడో మొక్కజొన్న పొలాల మధ్య పల్లె డాక్టరుగా స్థిరపడడం విడ్డూరంగా తోచవచ్చు. ఆ డాక్టరుకు పల్లె అంటే అయిష్టం లేదని మాత్రం దానివల్ల తెలుస్తుంది.

6.9 అభ్యాసం

మొదటి భాగంలోని వరండాకు ఒక డాక్టరును నియమించే బాధ్యత మీ మీద ఉందనుకోండి. ఫ్యామిలీ మెడిసిన్‌లో డి.ఎన్.బి. చేసిన ఒక యువతి దరఖాస్తు పెట్టింది. ఆమె మిమ్మల్ని నాలుగు విషయాలు అడిగింది: నా చదువు పోస్టు పేరులో ఉంటుందా? ఐదేళ్ళు ఇవే ఊళ్ళకు వెళ్ళనిస్తారా, లేక మధ్యలో బదిలీ చేస్తారా? విషానికి విరుగుడు సూది, ఆక్సిజన్ క్లినిక్‌లో ఎప్పుడూ ఉంటాయా? ఏడో ఏట నేను ఏ మెట్టు మీద ఉంటాను?

ఒక్కో ప్రశ్నకు ఇప్పుడున్న ఏర్పాటు ప్రకారం నిజమైన జవాబు ఏమిటో అరపేజీ చొప్పున రాయండి. ఆరోగ్య కేంద్రం బోర్డు దగ్గర మీరు సేకరించిన వివరాలను ఇక్కడ వాడుకోవచ్చు. తరువాత, ఆ జవాబులు విన్నాక ఆమె ఆ ఉద్యోగంలో చేరుతుందా లేదా అన్నది కారణాలతో రాసి, మీ అధ్యయన కేంద్రంలో జరిగే తదుపరి సంపర్క తరగతికి తీసుకురండి.